జింకు, ఇనుము, భాస్వరం: పైరులో వాటి పొత్తులు, తగవులు

(వార్షిక మహాసభలో జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, రికవరీ, బ్యాంకు లింకేజీ లెక్కలు పొద్దున విన్నారు. మాకు అప్పజెప్పిన సంగతి వేరే. కొన్ని గ్రామ సమాఖ్యల నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. ఎరువులు అందరం కలిసి కొనేటప్పుడు సూక్ష్మపోషకాల మిక్చరు డబ్బాలు కూడా కొని, సభ్యులకు అప్పు మీద ఇవ్వాలని. మధ్యాహ్నం దీని మీద చేతులెత్తబోతున్నాం. ఎత్తేముందు ఆ డబ్బాలో ఏముంటుందో, అది పైరులోకి పోయి ఏం చేస్తుందో చెప్పమని కార్యవర్గం మమ్మల్ని అడిగింది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: అందరికీ ఒకే డబ్బా వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే కొంచెం టైం పడుతుంది, ఓపిక పట్టండి.

మొక్క బతకడానికి 17 పోషకాలు కావాలి. అందులో 8 చాలా కొద్దిగా కావాలి: ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్. వీటినే సూక్ష్మపోషకాలు అంటున్నాం. ఎంత సూక్ష్మమో ఒక లెక్క చూడండి. టన్ను వడ్లు పండటానికి వరి పైరు నేల నుంచి తీసుకునే జింకు సుమారు 50 గ్రాములు. అంటే ఎకరాకు రెండున్నర టన్నులు పండినా పైరు తీసుకునేది గ్లాసెడు వడ్ల బరువంత. అంత కొద్దిదానికి ఇంత గొడవ ఏమిటంటారా? ఆ కొద్ది అందకపోతే మనం వేసిన యూరియా, డీఏపీ అన్నీ నేలలో ఉండి కూడా పైరు కదలదు. ఉప్పు లేని పప్పు లాంటిదని అనబోయాం గానీ, అది కూడా సరిపోదు. ఉప్పు లేకపోతే రుచే పోతుంది, ఇక్కడ వంటే ఉడకదు.

మన చెరువు కింద వరిలో ఎక్కువగా కనపడేది జింకు లోపం. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో, మొదటి కలుపు తీసేటప్పుడు, మడిలో అక్కడక్కడా పైరు గిడసబారి ఉంటుంది. ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు మొదట్లో నడిమి ఈనె తెల్లబడుతుంది. ఆకు వంచితే పెళుసుగా విరుగుతుంది. పిలకలు రావు. ఇది తెగులు అనుకుని మందు కొట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉత్తరాదిన హిమాలయాల దిగువన ఉన్న తరాయి ప్రాంతంలో దీన్ని 'ఖైరా' అనేవాళ్ళు. అది తెగులు కాదు, జింకు లేక వచ్చేదని 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ నేనే తేల్చారు.

ఇది ముందుగా చూసేది ఎవరు? మడిలో వంగి కలుపు తీసేది మనమే. కొట్టుకు పోయి బస్తా తెచ్చేది ఎక్కువ ఇళ్ళల్లో మగవాళ్ళు. 'పైరు ఎదగడం లేదు' అని మనం చెప్తే, ఆ మాట కొట్టు దాకా పోయేసరికి 'ఇంకో బస్తా డీఏపీ' అయిపోతుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ముందున్న బల్ల మీద గ్లాసులు చూడండి. మొదటి గ్లాసులో జింకు సల్ఫేటు నీళ్ళు, తేటగా ఉన్నాయి. రెండో గ్లాసులో డీఏపీ కరిగించి గుడ్డలో వడగట్టిన నీళ్ళు. ఈ రెండూ కలుపుతున్నాం... వెనకున్నవాళ్ళు ముందుకు రండమ్మా. చూశారా, పాల విరుగుడులా తెల్లగా అయింది. కాసేపటికి అడుగున సున్నంలా దిగుతుంది. జింకు, భాస్వరం పట్టుకుని గట్టిపడ్డాయి. ఇక ఆ జింకు వేరుకు దొరకడం కష్టం, ఆ భాస్వరమూ అంతే. రెండు బస్తాలూ ఒకేసారి కలిపి చల్లితే మడిలో జరిగేది ఇలాంటిదే. ట్యాంకులో కలిపి పిచికారీ చేస్తే నాజిలు కూడా పూడుకుంటుంది. అందుకే వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు జింకును భాస్వరం ఎరువులతో కలపొద్దు, మధ్యలో కొన్ని రోజులు ఎడం ఉంచండి అని ఏళ్ళ తరబడి చెప్తున్నారు. ఆఖరి దమ్ములో ఒకటి వేస్తే రెండోది తర్వాత.

గ్లాసులో కనపడేది సగమే. మిగతా సగం మొక్క లోపల జరుగుతుంది.

భాస్వరం బాగా అందిన పైరు ఏపుగా పెరుగుతుంది, జింకు మాత్రం ఉన్నంతే ఉంటుంది. పంక్తిలో కూర్చున్నవాళ్ళు పెరిగారు, కూర అంతే ఉంది. ఒక్కో ఆకుకు వడ్డించేది తగ్గిపోతుంది. రెండోది, మొక్కజొన్న, వేరుశనగ లాంటి మెట్ట పంటల వేళ్ళతో కలిసి బతికే మేలుచేసే బూజు ఒకటి ఉంది. దారాల్లాగా దూరం పోయి జింకును, భాస్వరాన్ని వేరుకు తెచ్చిపెడుతుంది. నేలలో భాస్వరం దండిగా ఉంటే మొక్క ఆ బూజుకు తిండి పెట్టడం తగ్గిస్తుంది. బూజు తగ్గితే అది తెచ్చే జింకు కూడా తగ్గుతుంది. మూడోది వింటే మాకే వింతగా అనిపించింది. జింకు చాలని మొక్కకు భాస్వరాన్ని ఎక్కడ ఆపాలో తెలియదట. తాగుతూనే ఉంటుంది. ఆకుల్లో భాస్వరం పేరుకుని అంచులు మాడతాయి. అంటే ఎదగని పైరును చూసి ఇంకో బస్తా డీఏపీ వేస్తే, జింకు ఆకలితో ఉన్న మొక్కకు విందు పెట్టి జబ్బు చేసినట్టు.

డీఏపీ చెడ్డదని మేము చెప్పడం లేదు. భాస్వరం నిజంగా తక్కువున్న నేలలో ఎంత జింకు వేసినా పైరు లేవదు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. నేలలో ముందే నిల్వ ఉన్న భాస్వరం మీద ఏటేటా అదే వేస్తూ పోవడం మీదే మా పేచీ. బస్తా 1,350 రూపాయలు. అది పైరుకు మేలు చేయకపోగా జింకుకు అడ్డం పడితే, ఆ డబ్బుకు మళ్ళీ మన సంఘంలోనే వడ్డీ కట్టాలి.

లోపం ఖాయమైతే మందు పెద్ద ఖర్చు కాదు. 21 శాతం జింకు ఉండే జింకు సల్ఫేటు ఎకరాకు 20 కిలోలు దమ్ములో వేస్తే రెండు మూడు పంటల దాకా పనిచేస్తుంది. ఏటా అక్కర్లేదు. పైరు మీద కనపడితే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. కొట్లో 33 శాతంది కూడా ఉంటుంది, అది తక్కువ సరిపోతుంది. బస్తా మీద శాతం చదివించుకోండి. నీళ్ళు ఎప్పుడూ నిండుగా నిలబెట్టిన మడిలో జింకు అందడం తగ్గుతుంది, వీలైన చోట మధ్యలో తీసి కాస్త ఆరనివ్వండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మెట్టకు పోదాం. మన చెనిక్కాయ చేలల్లో వానలు పట్టుకున్న పది రోజులకు పైరు పసుపు తిరుగుతుంది. ఇక్కడ చూపు జాగ్రత్తగా ఉండాలి. ముదురాకు మొత్తం పసుపైతే నత్రజని లోపం. లేతాకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, తర్వాత ఆకంతా తెల్లగా పాలిపోతే ఇనుము లోపం. తేడా ఎందుకంటే, నత్రజని చాలకపోతే మొక్క ముసలి ఆకులోంచి తీసి పసి ఆకుకు పంపగలదు. ఇనుమును అలా పంపలేదు, పాతాకులో చేరింది అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఆకలి పసి ఆకులో కనపడుతుంది. లేతాకు తెల్లబడిన చేనుకు యూరియా చల్లితే డబ్బు దండగ.

నేలలో ఇనుము లేకనా? మన ఎర్రనేలల ఎరుపే ఇనుముది. సున్నం ఎక్కువున్న నల్లనేలల్లోనూ ఇనుముకు కొదవ లేదు. కానీ సున్నం, వాన తడి కలిసినప్పుడు వేరు చుట్టూ క్షారం పెరిగి ఇనుము కరగదు. ఇంటి నిండా గింజలున్నా రోలూ రోకలీ లేనట్టు. వాన తగ్గి నేల ఆరితే కొన్ని చేలు వాటంతటవే పచ్చబడతాయి. అందుకే రెండు రోజులు ఆగి చూడమని చెప్తున్నాం. కొందరు అక్కలు జిప్సం మానేస్తామంటున్నారు, అది సున్నమే కదా అని. జిప్సం వేరు, సున్నం వేరు. జిప్సం క్షారాన్ని పెంచదు. ఊడలు దిగే ముందు ఎకరాకు 200 కిలోలు వేసుకోవడం మానకండి, కాయ గట్టిపడేది దానితోనే.

ఆరినా పచ్చబడకపోతే అన్నభేది. కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీళ్ళల్లో కలిపి ఎకరాకు పిచికారీ చేయాలి, వారం తేడాతో రెండుసార్లు. నిమ్మ ఉప్పు ఎందుకో ఈ రెండు సీసాలు చెప్తాయి. నిన్న రాత్రి మన బోరు నీళ్ళతోనే కలిపాం. నిమ్మ ఉప్పు వేయనిది తుప్పు నీళ్ళయింది, అడుగున మడ్డి దిగింది. వేసింది ఇంకా తేటగా ఉంది. తుప్పు పట్టిన ఇనుము ఆకుకు పనికిరాదు. పొద్దున కలిపి సాయంత్రం కొట్టే అలవాటు ఇందులో పనికిరాదు, కలిపిన వెంటనే కొట్టాలి.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఏఎన్‌ఎమ్మమ్మ ఏం చెప్తుంది? ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోవద్దు, ఐరన్ మాత్ర మీద టీ తాగొద్దు, నిమ్మకాయ నీళ్ళు మంచిదని. ఒంట్లోనూ ఒకటి ఇంకోదానికి అడ్డం పడుతుంది, పులుపు ఇనుముకు తోడు నిలబడుతుంది. ఆ మాత్రల్లో ఎక్కువగా వాడేది కూడా అన్నభేది జాతి మందే. అలాగని చేలో కొట్టే అన్నభేది నోట్లో పెట్టుకోకండి తల్లీ, అది శుద్ధి చేసింది కాదు.

ఇక డబ్బా దగ్గరకు వస్తున్నాం. వేరు పొరలో ఇనుమును లోపలికి రానిచ్చే తలుపు లాంటిది ఒకటుంది. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో శాస్త్రవేత్తలు 1996లో దాన్ని కనిపెట్టారు. ఇనుము కోసం పెట్టుకున్న ఆ తలుపులోంచే జింకు, మాంగనీసు కూడా వస్తాయి. కాడ్మియం లాంటి విషం కూడా దూరుతుంది. ఒకటి గుంపుగా వస్తే ఇంకోటి బయట నిలబడాలి. అందుకే అవసరం లేని చోట జింకు దండిగా వేస్తే ఇనుముకు ఇబ్బంది. బోర్డో మిశ్రమం, రాగి మందులు ఏళ్ళ తరబడి కొట్టిన తోటల్లో రాగి నేలలో పేరుకుని చెట్టుకు ఇనుము అందకుండా చేస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా నారింజ తోటల్లో ఇలాగే అయింది. చీనీ, నిమ్మ తోటలున్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. బోరాన్ సంగతి ఇంకా సున్నితం, దానికి చాలినంతకూ ఎక్కువైనదానికీ మధ్య గీత చాలా సన్నం. మిక్చరులో ఇవన్నీ కలిపి ఉంటాయి. మన చేనుకు కావలసింది ఒకటైతే మిగతావాటికి డబ్బు ఊరికే పోతుంది, కొన్నిసార్లు ఎదురు కూడా తిరుగుతుంది. కాయ కాసే చీనీ తోటకు, పరీక్ష చూసి, మిక్చరు పనికొచ్చే సందర్భాలున్నాయి. ఒకే డబ్బా వరికీ చెనిక్కాయకూ అంటేనే మేము ఒప్పుకోం.

అన్నీ తగవులే కాదు, పొత్తులు కూడా ఉన్నాయి. గడ్డిజాతి పైర్లు వేళ్ళ నుంచి ఒక రసం వదిలి, కరగని ఇనుమును పట్టి లాక్కుంటాయి. వేరుశనగకు ఆ విద్య లేదు. చైనాలో సున్నపు నేలల్లో వేరుశనగను ఒంటరిగా వేస్తే తెల్లబడింది, పక్కన మొక్కజొన్న సాళ్ళు వేస్తే పచ్చగా ఉంది. పక్కింటామె పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నట్టు, మొక్కజొన్న కరిగించిన ఇనుములో చెనిక్కాయకూ కొంత దొరికింది. మన అవ్వలు చెనిక్కాయలో కంది, జొన్న, ఆముదం సాళ్ళు వేసింది ఈ లెక్కతో కాదు, వాన మోసం చేస్తే ఏదో ఒకటి చేతికొస్తుందని. అయినా పచ్చబారే సమస్య ఉన్న చేలల్లో నాలుగు సాళ్ళు మొక్కజొన్న వేసి చూడటానికి ముందుకొచ్చే సభ్యులుంటే పేర్లివ్వండి.

పొలం దాటి ఒంటి దాకా వచ్చే సంగతి ఒకటి చెప్పాలి. నల్గొండ జిల్లాలో నీళ్ళ ఫ్లోరైడు గురించి అందరికీ తెలుసు. అక్కడ కొందరికి మోకాళ్ళు లోపలికి ఒరిగిపోయి నడక చెడటం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు చూసి 1973లో రాశారు. మూలం ఫ్లోరైడే. అయితే ఆ కాలంలోనే వాళ్ళు అక్కడి ధాన్యాన్ని కూడా పరీక్షకు తీసుకున్నారు. మాలిబ్డినం ఎక్కువున్న జొన్నలు తింటే మనిషి ఒంట్లోంచి రాగి మూత్రంలో ఎక్కువగా పోతుందని 1974లో అదే సంస్థ వాళ్ళు చూపించారు. రాగి ఎముకకు కావాలి. నేలలో క్షారం పెరిగే కొద్దీ జింకు, ఇనుము, రాగి, మాంగనీసు అందడం తగ్గుతుంది, మాలిబ్డినం మాత్రం ఎక్కువ అందుతుంది. పశువులున్నవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది, మాలిబ్డినం ఎక్కువున్న మేత తిన్న పశువుకు రాగి చాలదు. నేలలో ఒకదాన్ని కదిలిస్తే గాదెలోనూ, గాటిపట్టునా, ఎముకలోనూ కదులుతుందని మనం తెలుసుకోవాలి.

భాస్వరం, జింకు తగవు కూడా చేలోనే ఆగదు. పైరు భాస్వరాన్ని గింజలో ఫైటేటు అనే రూపంలో దాచుకుంటుంది. అది మన కడుపులో జింకును, ఇనుమును పట్టుకుని ఒంటికి అందనీయదు. భాస్వరం మరీ ఎక్కువ, జింకు తక్కువ అయిన నేలలో పండిన గింజ రెండు విధాలా పేద గింజ. దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది: రాగులు మొలకెత్తించి మాల్టు చేయడం, పప్పు నానబెట్టడం, దోసె పిండి పులవబెట్టడం. నానినా, మొలకొచ్చినా, పులిసినా ఫైటేటు తగ్గుతుంది. విత్తనం వైపు నుంచి కూడా దారులున్నాయి. హైదరాబాదు వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసిన డీఆర్‌ఆర్ ధన్ 45 రకంలో జింకు ఎక్కువ. పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి వచ్చిన ధనశక్తి సజ్జలో ఇనుము, జింకు రెండూ ఎక్కువే. తలుపు దగ్గర తోసుకున్న ఆ రెండూ గింజలోకి వచ్చేసరికి కలిసి పెరుగుతాయి. మొక్క లోపల రెంటినీ మోసే కూలీ ఒకటే కావడం అందుకు ఒక కారణం.

ఇప్పుడు మా ప్రతిపాదన. మిక్చరు డబ్బాలు జాబితాలోంచి తీసేద్దాం. బదులు జింకు సల్ఫేటు, అన్నభేది, నిమ్మ ఉప్పు విడివిడిగా తెప్పిద్దాం. నేల పరీక్ష కార్డులో లోపం ఉన్నవాళ్ళకే, ఉన్నదే ఇద్దాం. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అందులో ఉన్నాయి. ముందు క్షారం చూపే పీహెచ్ అంకె, తర్వాత భాస్వరం, ఆ తర్వాత జింకు చదవండి. జింకు సుమారు 0.6 కంటే తక్కువుంటే లోపం కింద లెక్క. భాస్వరం 'ఎక్కువ' అని ఉంటే ఆ పంటకు డీఏపీ ఎంత తగ్గించవచ్చో రైతు సేవా కేంద్రంలో అడిగి, మిగిలిన డబ్బు ఎంతో సంఘం మినిట్స్ బుక్కులో రాయించండి. ఇనుము విషయంలో మాత్రం కార్డును పూర్తిగా నమ్మొద్దు. సున్నపు నేలల్లో కార్డు చాలినంత ఉందని చెప్పినా లేతాకు తెల్లబడొచ్చు. అక్కడ మీ కళ్ళే సాక్ష్యం.

కొట్టు అప్పు ఉన్నవాళ్ళకు ఇది కష్టమని మాకు తెలుసు. అప్పు ఇచ్చినవాడు ఇచ్చిన డబ్బా వద్దనడం తేలిక కాదు. ఆ అప్పు సంఘం వైపు మార్చుకునే దారి ఉందేమో కోశాధికారి అక్క మధ్యాహ్నం మాట్లాడతారు.

మట్టి తెచ్చే పద్ధతి చెప్పి ముగిస్తాం. పంట తీసిన తర్వాత, ఎరువు వేయకముందే తీయాలి. చేలో ఎనిమిది పది చోట్ల, గట్టు పక్కన, పేడ దిబ్బ దగ్గర, చెట్టు కింద కాకుండా, ఇంగ్లీషు 'వి' ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, పక్క గోడ నుంచి సన్నగా గీసి మట్టి తీయండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేస్తూ, అర కిలో మిగిలేదాకా చేయండి. నీడలో ఆరబెట్టండి. ఎరువుల సంచిలో వేయొద్దు. తుప్పు పట్టిన పారకు అంటిన మట్టి వద్దు. మనం నీళ్ళు తోడే తెల్ల రేకు బకెట్టు కూడా వద్దు, దాని పూత జింకుదే. అందులో కలిపిన మట్టిలో లేని జింకు కార్డులో కనపడుతుంది. ప్లాస్టిక్ టబ్బు వాడండి. సంచిలో చీటీ మీద పేరు, సర్వే నంబరు, పోయిన పంట, ఎన్ని బస్తాల డీఏపీ వేశారో రాసి మీ గ్రామ సమాఖ్య ఆఫీసులో ఇవ్వండి.